మొదటి వరసలో సముద్రం, రెండో వరసలో పడవ

ఇరవై ఎనిమిదేళ్ళు నేను చేసిన పని ఏమిటో మా ఆఫీసులో సగం మందికి చివరిదాకా తెలియలేదు. నెట్ బాగా నడుస్తుంటే "ఈమె ఎందుకు?" అనేవాళ్ళు. ఆగిపోతే "ఈమె ఎక్కడ చచ్చింది?" అనేవాళ్ళు. ఈ రెండు ప్రశ్నల మధ్యే నా సర్వీసంతా గడిచిపోయింది.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ పరీక్ష రాయాలి, ఏ సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి అని మాత్రం నన్నడగొద్దు. నా సర్టిఫికెట్లన్నీ బీరువాలో కలరా ఉండల పక్కన భద్రంగా ఉన్నాయి. నేను చెప్పబోయేది ఒక రేవు గురించి, ఒక పెద్దసారు గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి.

లస్కరు పని

మాది తీరం వెంబడి రేడియో టవర్లు నడిపే సంస్థ. పేరు అనవసరం. ఆఫీసు నెల్లూరులో. జువ్వలదిన్నె అవతల ఒక చిన్న రేవులో మా కంట్రోల్ రూము. దానికి దక్షిణంగా కొంత దూరంలో, ఒడ్డున ఒక టవరు, దాని ముందు అలల్ని ఆపే రాళ్ళ కట్ట. వేటకు పోయిన పడవలు రేడియోలో మాట్లాడితే ఆ టవరు వింటుంది. టవరు కింద ఉన్న చిన్న కంప్యూటరు ఆ మాటను ముక్కలుగా కోసి, ఒక ఇరుకైన వైర్‌లెస్ లింకు మీద కంట్రోల్ రూముకు పంపుతుంది. ఆ ముక్కల్నే ప్యాకెట్లంటాం. పడవల మాట ఒక్కటే అయితే ఏ గొడవా లేదు. వాతావరణ కొలతలు, హాజరు యంత్రం వివరాలు, కాపలావాళ్ళు పంపుకునే వీడియోలు, అన్నీ ముక్కలై అదే లింకు మీద రావాలి.

దారి ఇరుకు కాబట్టి ముక్కలు వరసలో నిలబడతాయి. ఏది ముందు పోవాలి, ఏది ఆగాలి, ఏది పారెయ్యాలి అన్నది కంప్యూటరులోని ఆపరేటింగ్ సిస్టమ్ ఒక నియమం ప్రకారం తేలుస్తుంది. దాన్ని క్యూయింగ్ డిసిప్లిన్ అంటారు. ఆ నియమం రాయడమే నా పని. కొడవలూరులో వరి పండించే మా నాయనకు ఇది వివరించి చెబితే, "అంటే కాలువ మీద తూము తలుపులెత్తే లస్కరువన్న మాట. దానికి అంత చదువెందుకు మేయ్?" అన్నాడు. నా ఉద్యోగాన్ని అంత సరిగ్గా చెప్పినవాళ్ళు నాకు మళ్ళీ తగల్లేదు.

ఒక్క ముక్కా పడిపోకూడదు

కంట్రోల్ రూములో రేడియో దగ్గర కూర్చునేది పోలయ్యన్న. ఎన్నో ఏళ్ళు వేట చేసి, నడుము పట్టేశాక ఒడ్డు ఉద్యోగానికి కుదిరినాడు. గొంతు వింటే చాలు, అది ఎవరి పడవో, వలలో చేపలు పడినాయో లేదో చెప్పేవాడు.

మా డైరెక్టరు భాస్కరరావు గారు. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఆయనకు కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదనడం అబద్ధం. కొంచెం తెలుసు. అదే వచ్చిన చిక్కు. ఏమీ తెలియని అధికారితో హాయిగా పనిచేసుకోవచ్చు.

ఒకసారి రేడియోలో మాట మధ్యమధ్య తెగుతోందని పోలయ్యన్న చెప్పినాడు. వరస నిండిపోయినప్పుడు కంప్యూటరు కొన్ని ముక్కల్ని పారేస్తుందని, అందుకే మాట తెగుతోందని పెద్దసారుకు వివరించాను. ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు.

"పారెయ్యడమా? జనం మాటను మనం పారేస్తామా? ఒక్క ముక్క కూడా పడిపోకూడదమ్మా. వరసను పెంచు. ఎంత పొడుగైనా ఫరవాలేదు."

"వరస పొడుగైతే మాట ఆలస్యంగా వస్తుంది సార్."

"ఆలస్యమైనా వస్తుంది కదా!"

పెంచాను. అప్పట్లో నాకు కాదనే నోరు లేదు. మర్నాటి నుంచి ఒక్క ముక్కా పడిపోలేదు. ప్రతి మాటా చెక్కుచెదరకుండా, నాలుగైదు సెకన్లు ఆలస్యంగా వచ్చేది. పోలయ్యన్న ఒక ప్రశ్న వేసి, జవాబు రాక, రెండో ప్రశ్న వేసేవాడు. అప్పుడు మొదటిదానికి జవాబు వచ్చేది. ఆ లెక్కన ఒకరోజు "పడవలో ఎంతమంది ఉండారు?" అంటే "ఇరవై బారల లోతులో" అనీ, "ఏం చేపలు పడినాయి?" అంటే "నేనూ మా బామ్మర్దీ" అనీ జవాబులొచ్చినాయి.

పోలయ్యన్న నాకు ఫోన్ చేసినాడు. "అక్కా, ఆ బామ్మర్ది చేపలు నాకొద్దు. తెగితే తెగనీ. ఇప్పటి మాట ఇప్పుడే పంపించు."

కొత్తవాళ్ళు మొదట నేర్చుకోవాల్సింది ఇదే. ఉత్తరం ఆలస్యంగా అందినా చదువుకుంటాం. మనిషి గొంతు అట్లా కాదు, వేళ దాటితే దాన్ని పారెయ్యడమే మేలు. పెద్దసారుకు చెప్పకుండా వరసను కురచ చేశాను. ఒక్కటిగా ఉన్నదాన్ని మూడు చేశాను. రేడియో మాట మొదటి వరసలో, వాతావరణ కొలతలు రెండో దాంట్లో, కాపలావాళ్ళ వీడియోలతో సహా మిగతావన్నీ మూడో దాంట్లో. మొదటి వరస ఖాళీ అయితేనే రెండోది కదులుతుంది. రెండోది ఖాళీ అయితేనే మూడోది. రేడియో మాటకు పట్టే చోటు చాలా తక్కువ కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. పెద్దసారు ఒక సభలో "మేము ఒక్క ముక్క కూడా పారెయ్యం" అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు.

కెమెరా వచ్చింది

కొన్నాళ్ళకు టవరు మీద ఒక కెమెరా బిగించారు. దాని పేరు 'మత్స్యకార భద్రతా నేత్రం'. ఆ పేరు పెట్టింది పెద్దసారే, కమిటీ వేసి మరీ. అది ఏ మత్స్యకారుడికీ ఏమీ చెప్పదు, ఎవరినీ హెచ్చరించదు. పై ఆఫీసు వాళ్ళతో వీడియో సమావేశం ఉన్న రోజు కంట్రోల్ రూములో పెద్ద తెర మీద సముద్రం చూపించడం ఒక్కటే దాని ఉద్యోగం.

దాన్ని మూడో వరసలో పెట్టాను. మొదటి ప్రదర్శనలోనే అల మధ్యలో ఆగిపోయి, గళ్ళ దుప్పటిలా తయారైంది. వరసలు మూడయ్యాయని అప్పటికే ఎవరో చెవిన వేసినట్టున్నారు, పెద్దసారు నన్ను పిలిపించారు.

"నా కెమెరా ఏ వరసలో ఉందమ్మా?"

"మూడులో సార్."

"మూడా?" పెళ్ళిలో మూడో బంతికి కూర్చోబెడితే వియ్యంకుడి ముఖం ఎట్లా మారుతుందో అట్లా మారింది. "మొదట్లో పెట్టు."

"మొదట్లో రేడియో ఉంది సార్. రెండూ కలిపితే..."

"కలపొద్దు. అక్కడ కెమెరా ఒక్కటే ఉండాలి. రేడియోను రెండులో వెయ్యి. రెండంటే తక్కువా ఏమిటి?"

ఇక్కడే నా తప్పు మొదలైంది. ఆయన తప్పు ఆయనదే, దాన్ని అడ్డం పెట్టుకోను. కెమెరాకు హద్దు కట్టకుండా మొదటి వరసలో పెడితే, అది దారంతా మింగేసినా ఆపే దిక్కుండదని నాకు తెలుసు. ఆ నియమానికి జాలి లేదు. ముందు వరసలో ఒక్క ముక్క మిగిలినా వెనకవాడు నిలబడాల్సిందే. ఒక్కో వరసకు వాటా కట్టే నియమం ఇంకొకటి ఉంది. దానికి రెండు రోజుల పని, పరీక్షలు. నేను ఒక్క ఆదేశం మార్చి నిమిషంలో ముగించాను. కెమెరా మామూలు నాణ్యతలో ఉంది, లింకు నిండదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెద్దసారు ఆ నాణ్యతను చివరంటా పెంచమని ఎవరికో చెప్పారు. ఎప్పుడు పెంచారో నాకు తెలియదు. కనుక్కోలేదు. నోటిమాట మీద పనిచేశాను, కాగితం కూడా అడగలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం

ఈశాన్యపు గాలి విసురుగా ఉన్న రోజుల్లో ఒక పెద్ద సమావేశం పెట్టారు. పై ఆఫీసు నుంచి నలుగురు వీడియోలో. చర్చించాల్సిన విషయం, వేటలో భద్రత. కంట్రోల్ రూము ముందరి హాల్లో తెర. పక్క గదిలో రేడియో. ఏదైనా తెగితే అతికించడానికి నన్ను వెనక కుర్చీలో కూర్చోబెట్టారు.

భోజనాలయ్యాక మొదలైంది. తెర మీద సముద్రం అద్దంలా ఉంది. నురగలో బుడగలు లెక్కపెట్టొచ్చు.

"ఎక్సలెంట్" అన్నాడు పై ఆఫీసు నుంచి ఒకాయన. "అదుగో, ఒక బోటు కూడా కనిపిస్తోంది. చాలా నేచురల్‌గా ఉంది."

ఆ బోటును కూడా తానే ఏర్పాటు చేసినట్టు పెద్దసారు నవ్వారు.

పక్క గది తలుపు దగ్గర నిలబడి పోలయ్యన్న నన్ను సైగ చేసి పిలిచినాడు.

"అక్కా, ఎవురో పిలస్తా ఉండారు. 'కంట్రో' అంటాడు, తెగిపోతాది. 'ఇంజ' అంటాడు, తెగిపోతాది. గొంతు మస్తానయ్య మాదిరి ఉండాది. వాడి సెల్లు కలవటంలా. ఏందో చూడు."

చూడకముందే అర్థమైంది. టవరు కంప్యూటరులోకి పోయి కెమెరాను కిందికి దించాలి. లాగిన్ కొట్టాను. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టాను. అప్పుడు తట్టింది. నా ఆదేశం అక్కడికి చేరినా, దాని జవాబు తిరిగి రావాల్సింది మూడో వరసలో. నేను రాసిన నియమం నన్నే గుమ్మం బయట నిలబెట్టింది.

హాల్లోకి వెళ్ళి పెద్దసారు చెవిలో చెప్పాను. "సార్, రేడియో అందడం లేదు. ఎవరో ఆపదలో ఉన్నట్టున్నారు. కెమెరా రెండు నిమిషాలు ఆపాలి."

ఆయన తెరవైపు నవ్వుతూనే, పెదవులు కదలకుండా అన్నారు. "పావుగంటలో అయిపోతుంది. కూర్చో."

కూర్చున్నాను.

ఈ ఒక్క మాట రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేటలో భద్రత మీద ఆయన ప్రసంగం విన్నాను. పక్క గదిలో పోలయ్యన్న "మస్తానయ్యా, మళ్ళా చెప్పు, మళ్ళా చెప్పు" అని అరవడమూ విన్నాను. నాకు కనబడేంత దూరంలోనే తెర కింది కంప్యూటరు వైరు ఉంది, దాన్ని లాగితే కెమెరా ఆగుతుంది. లేవలేదు. భయపడ్డానని చెబితే అది కూడా కొంచెం గౌరవంగా ఉంటుంది. నిజానికి నాకు అలవాటు. పెద్దసారు కూర్చోమంటే కూర్చోవడం అలవాటు.

కాసేపటికి పోలయ్యన్న హాల్లోకి వచ్చినాడు. పెద్దసారుతో ఏదో చెప్పబోయి, తెరను చూసి ఆగిపోయినాడు.

"ఆ పడవ అడ్డం తిరిగుండాది" అన్నాడు.

"ఇంజను ఆగిపోయింది దానికి. అలకు పక్క ఇస్తా ఉండాది, చూడండి. రాళ్ళ కట్ట మీదికి కొట్టుకపోతా ఉండాది. అది మస్తానయ్య పడవ!"

"పోలయ్యా, మీటింగు జరుగుతోంది" అన్నారు పెద్దసారు.

పోలయ్యన్న ఆయనవైపు తిరగనే లేదు. తెర కింద ఉన్న కంప్యూటరు దగ్గరికి పోయి, వైరు పట్టుకుని లాగేసినాడు. సముద్రమూ పోయింది, పై ఆఫీసు నలుగురూ పోయారు. బొమ్మ అడిగేవాళ్ళు లేక టవరు మీద కెమెరా పంపడం మానేసింది. కొద్ది క్షణాల్లో పక్క గదిలోంచి ఒక గొంతు తెగకుండా వినిపించింది.

"...ఎవురన్నా ఉండారా? ఇంజను ఆగిపోయిండాది. లంగరు తాడు తెగిపోయిండాది. నేనూ తమ్ముడూ ఉండాము. రాళ్ళు దగ్గిరికొస్తా ఉండాయి."

పోలయ్యన్న పరిగెత్తినాడు. నడుము పట్టేసిన మనిషి పరిగెత్తడం నేను చూసింది అప్పుడే. చుట్టుపక్కల పడవలన్నిటినీ పేరు పేరునా పిలిచి, దగ్గరున్నదాన్ని అటు తిప్పినాడు. అది చేరేసరికి మస్తానయ్య పడవ కట్టకు కొట్టుకుంది. తమ్ముణ్ణి నీళ్ళలోంచి పైకి లాగినారు. మస్తానయ్య గెడతో పడవను రాళ్ళ నుంచి దూరంగా నెట్టబోతే, పడవకూ రాతికీ మధ్య కాలు నలిగిపోయింది. పడవ రెండు ముక్కలైంది. ఇద్దరూ బతికినారు. నెల్లూరు ఆస్పత్రిలో మస్తానయ్యకు మోకాలి కింద కాలు తీసేశారు.

రద్దీ అనే మంచి మాట

వారం తిరక్కుండా రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి పోలయ్యన్నకు మెమో. ఉన్నతాధికారుల ఎదుట అనుచితంగా ప్రవర్తించి, సమావేశానికి భంగం కలిగించినందుకు. రెండోది నాకు. రేడియో ఆగిపోవడానికి సాంకేతిక కారణం రాసివ్వమని.

రాసిచ్చాను. "ప్రతికూల వాతావరణంలో లింకుపై ఏర్పడిన రద్దీ వల్ల అంతరాయం." రద్దీ చాలా మంచి మాట. దాంట్లో ఎవరి పేరూ ఉండదు. పెద్దసారు చదివి "బాగా రాశావమ్మా" అన్నారు. నా సర్వీసులో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రం మస్తానయ్యను చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. నేను ఎవరో చెప్పాక, ఆయన నా ముఖంలోకి చూసి అడిగినాడు.

"అమ్మా, నాకొక సంగతి చెప్పు. ఆ పొద్దు గొంతు చించుకోని పిలిస్తిని. ఆ మాటంతా యాడికి పోయింది?"

నా పని గురించి నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. రద్దీ అని చెబుదామని నోరు తెరిచాను. రాలేదు.

"టవరు దాకా వచ్చింది" అన్నాను. "అక్కడ వరసలో ఆగిపోయింది. ముందు కెమెరా బొమ్మలు పోయినాయి. అవి తరక్కముందే నీ మాటకు వేళ దాటింది. కంప్యూటరు పారేసింది."

"ఆ వరస ఎవురు పెట్టింది?"

"నేనే."

"ఆ కెమెరాలో మా పడవ కనపడిందంట గదా?"

"కనపడింది."

"బాగా కనపడిందా?"

"బాగా కనపడింది."

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ రాశాను. ఏ వరస ఎవరు మార్చమన్నారో, ఎవరు మార్చారో, మార్చినప్పుడు నాకేమి తెలుసో, ఆపమంటే ఎవరు కూర్చోమన్నారో, ఎవరు కూర్చున్నారో రాశాను. ఆ వైరు లాగకపోతే ఇద్దరూ పోయేవాళ్ళని కూడా రాశాను. తెరలో సముద్రాన్ని మెచ్చుకున్న నలుగురికీ తలా ఒక ప్రతి పంపాను.

"ఇది నీ మీద నువ్వే రాసుకున్నావు, తెలుస్తోందా?" అన్నారు పెద్దసారు.

"తెలుసు సార్. మీ మీద కూడా రాశాను."

నాకు శిక్ష పడింది. పడాల్సిందే. పోలయ్యన్న మెమో వెనక్కి తీసుకున్నారు. పెద్దసారుకు "ఇకమీదట తగు జాగ్రత్త వహించగలరు" అని ఒక వాక్యం వచ్చింది. అంతే. అంతకు మించి ఏదో జరుగుతుందనుకున్నవాళ్ళు ఇంకా ఉద్యోగంలో చేరలేదని అర్థం. మస్తానయ్య ఇప్పుడు ఒడ్డున వలలు బాగుచేస్తాడు. నన్ను చూస్తే తల ఊపుతాడు, మాట్లాడడు.

ఆలస్యమైతే ఎవరికి ఏమవుతుంది

అప్పుడు చెయ్యాల్సిన రెండు రోజుల పని ఇదంతా జరిగాక చేశాను. ఒక్కో వరసకూ ఇంత వాటా, ఇంతకు మించరాదని హద్దు. రేడియో మాటకు ఎవరూ తాకలేని చోటు. నా లాగిన్‌కు సన్నటి దారి. చేసి చూసుకుంటే, రేడియోకు కావలసింది కెమెరా తినే దాంట్లో పిసరంత. ముందే చేసి ఉంటే ఆ రోజు సముద్రమూ కనపడేది, మస్తానయ్యా వినపడేవాడు.

వరసల సంగతి బయటపడ్డాక ప్రతి విభాగం పెద్దా నా బల్ల దగ్గరికి వచ్చినాడు. అందరిదీ అత్యవసరమే. నేను ఒకటే అడిగేదాన్ని, ఆలస్యమైతే ఎవరికి ఏమవుతుంది? హాజరు యంత్రం ఆయన బాగా ఆలోచించి, "ఎవరు ఆలస్యంగా వచ్చారో మాకు ఆలస్యంగా తెలుస్తుంది" అన్నాడు. ప్రచార విభాగం ఆయన ఆలోచించకుండానే, "మా పెద్దవాళ్ళు బాధపడతారు" అన్నాడు. ఇద్దర్నీ మూడో వరసకు సాగనంపాను. కొన్ని పరికరాలు తమ ముక్కల మీద తామే 'అత్యవసరం' అని ముద్ర వేసుకుని వస్తాయి. ఆ ముద్రను గుమ్మంలోనే చెరిపెయ్యండి. తన పని గొప్పదని తానే చెప్పుకునేవాణ్ణి మనుషుల్లో నమ్మం, ముక్కల్లో ఎందుకు నమ్మాలి?

ఆ తర్వాత జరిగిన సమావేశంలో తెర మీద సముద్రం కాస్త మసకగా వచ్చింది. విరామంలో పెద్దసారు నేరుగా రేడియో గదికి వచ్చారు. నేనూ పోలయ్యన్నా అక్కడే ఉన్నాం. రేడియోలో రెండు పడవలవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"ఈ పొద్దు మీ ఇంట్లో ఏం కూర?"

"నెత్తళ్ళ పులుసంట."

"చింతకాయ ఏసిందా?"

"ఏసే ఉంటాది. నేను పొయ్యేదాక మిగలాల గదా."

పెద్దసారు ముఖం ఎర్రబడింది. "దీని కోసమా నా కెమెరాను తొక్కిపెట్టావు? ఆపద మాటంటే సరే. కూర మాటకు మొదటి వరసెందుకమ్మా?"

"కంప్యూటరుకు ఆ తేడా తెలియదు సార్."

పోలయ్యన్న వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "నాకు తెలస్తాది సార్. కూర గురించి మాట్లాడతా ఉండారంటే బాగుండారని."

పెద్దసారు తలుపు వైపు తిరిగారు. ఇంతలో రేడియోలో ఇంకో గొంతు పలికింది.

"కంట్రోలూ, ఉండావా?"

"ఉండా. చెప్పు" అన్నాడు పోలయ్యన్న.

"ఏం లేదన్నా. ఉండావో లేదో అని పిలిచినా."